బోలు గిటారు – ఖిదిర్‌పూరు రేవు

కలకత్తా నగరమునకు దక్షిణ పశ్చిమమున, హుగ్లీనది తూర్పుగట్టున ఖిదిర్‌పూరు కలదు. ఈ పేరు నౌకానిర్మాతయగు జేమ్స్ కిడ్ దొరవలన వచ్చినదని కొందఱును, ముసల్మాను నావికులు నీటి రక్షకునిగ తలచు ఖ్వాజా ఖిజ్రువలన వచ్చినదని మఱికొందఱును చెప్పుదురు. పేరు ఎవరిదైనను ఊరుమాత్రము నీటిని నమ్ముకొన్న యూరు. 1892లో ఇచ్చట ఓడల డాకు తెఱవబడెను. 1929లో దానికి దిగువగ జార్జిరాజు పేర రెండవ డాకు ఏర్పడెను. అదియే తరువాత నేతాజీ సుభాస్ డాకైనది. జనపనార, తేయాకు, బొగ్గు ఈ దారిని వెలికి పోయెను. యంత్రములు, ఇనుము, విలాసవస్తువులు లోనికి వచ్చెను. ఆ లెక్కలన్నియు రేవు దస్తరములలో భద్రముగ నున్నవి. ఓడలవెంట వచ్చిన పాటకు, పాటవెంట వచ్చిన వాద్యములకు మాత్రము ఎవ్వరును అంత శ్రద్ధగ లెక్క వ్రాయలేదు.

ఆంధ్రులకు ఈ ప్రాంతము పరాయిది కాదు. వాల్తేరు వఱకు పట్టాలు పఱచిన బెంగాలు–నాగపూరు రైల్వే ప్రధాన కార్యాలయము ఖిదిర్‌పూరు ప్రక్కనున్న గార్డెన్ రీచ్‌లోనే యుండెను. 1955 ఆగస్టు 1న ఏర్పడిన ఆగ్నేయ రైల్వేకును అదియే ముఖ్యస్థానమయ్యెను. ఫైళ్లతో, బదిలీ ఉత్తరువులతో అచ్చటికి చేరిన తెలుగు కుటుంబములు ఎన్నియో కలవు. సాయంకాలము కార్యాలయము వీడి ట్రాములో ఖిదిర్‌పూరు మీదుగ ధర్మతలాకు పోయిన ఉద్యోగులలో ఎందఱు ఆ వీథుల సంగీతచరిత్రను తలచియుందురో చెప్పలేము.

ఆ చరిత్ర చిన్నది కాదు. ఖిదిర్‌పూరునకు కూతవేటు దూరమున మటియాబురుజు కలదు. రాజ్యము పోగొట్టుకొన్న అయోధ్య నవాబు వాజిదలీ షా 1856లో అచ్చటికి చేరి, 1887లో కన్నుమూయువఱకు రెండవ లక్నోను నిలిపెను. ఠుమ్రీ, కథక్, సితారు, సరోదు వంగదేశమున వేళ్లూనుటకు ఆ దర్బారు ఒక ముఖ్యకారణము. పాశ్చాత్యుల అమిత్రాక్షర ఛందమును వంగభాషలోనికి దింపిన మైకేల్ మధుసూదన దత్తు బాల్యము గడచినది ఖిదిర్‌పూరులోనే. పరాయి వస్తువును తెచ్చి తనదిగ చేసికొనుట ఈ నేలకు పాత యలవాటు. ఇరువదవ శతాబ్దిలో ఆ యలవాటునకు చిక్కిన వస్తువులలో ఒకటి, జాజ్ సంగీతమునకై అమెరికాలో రూపొందిన బోలు గిటారు.

బోలు గిటారన నేమో ముందుగ తెలిసికొనవలెను. బొబ్బిలి వీణను చూచిన తెలుగువారికి దీనిని బోధించుట కష్టము కాదు. బొబ్బిలి సమీపమున గొల్లపల్లిలోని శిల్పులు పనసమ్రానును తొలిచి కుండను, దండిని ఒకే కఱ్ఱలో సాధింతురు. తీగ యొక్క కదలిక చిన్నది. అది కుండలోని గాలిని, కుండపై మూతను కదల్చినప్పుడే చెవికి ఇంపగు నాదమగును. కుండ గోడ మందమైనచో నాదము మూగవోవును. మితిమీఱి పలుచనైనచో ఆయువు తగ్గును. మంచి వీణను ఎన్నుకొనుట యనగా ఈ రెంటి నడుమ సమత్వమును చెవితో కనిపెట్టుట. జాజ్ గిటారు విషయమున గూడ కథ ఇదియే. అయితే దానికి విద్యుచ్ఛక్తి తోడైనప్పుడు చిక్కులు రెట్టింపయ్యెను.

సామాన్యపు గిటారు పైమూత చదునుగ నుండి, నడుమ గుండ్రని రంధ్ర ముండును. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున కలమజూ పట్టణవాసి యగు ఆర్విల్ గిబ్సన్ పందొమ్మిదవ శతాబ్ది చివర వయొలిను పద్ధతి ననుసరించి, పైమూతను ఉబ్బెత్తుగ చెక్కి గిటారులు, మాండొలినులు చేసెను. 1902లో ఆయన పేర కంపెనీ ఏర్పడెను. 1922లో ఆ కంపెనీలోని లాయిడ్ లోర్ అను నాదశాస్త్రజ్ఞుడు ఎల్-5 అను గిటారును రూపొందించెను. గుండ్రని రంధ్రమునకు బదులు వయొలినునకువలె రెండు వంకర చీలికలు దానికి వచ్చినవి. పైమూత స్ప్రూసు కఱ్ఱ. వీపు, ప్రక్కలు మేపులు కఱ్ఱ. వెడల్పు పదునాఱు అంగుళములు. ఆ వాద్యపు ధ్వని మెత్తనిది కాదు. సూటిగ, చుఱుకుగ దూసికొనిపోవును, త్వరగ అణగిపోవును. ఒంటరిగ ఇంటిలో వినువానికి అది లోపముగ తోచవచ్చును. బాకాలు, డప్పులు మ్రోగుచున్న బృందము నడుమ తాళమును చీల్చి వినిపించుటకు అదియే గుణము. ఎడ్డీ లాంగ్ వంటి తొలితరము జాజ్ విద్వాంసులు దీనినే పట్టిరి.

బృందములు పెద్దవైన కొలది గిటారుల పొట్టలును పెరిగెను. 1934లో గిబ్సన్ కంపెనీ పదునెనిమిది అంగుళముల వెడల్పుతో సూపర్ 400 అను దానిని వెలువరించెను. నాలుగువందల డాలర్లు వెల గనుక ఆ పేరు! వెలనే నామకరణముగ చేసికొనుట వర్తకులకే చెల్లును. న్యూయార్కులో జాన్ డి ఏంజెలికో అను ఇటాలియను సంతతి శిల్పి తన చిన్న దుకాణములో ఒక్కొక్క గిటారును చేతితో చెక్కుచు అంతటి కంపెనీకే పోటీగ నిలిచెను. కౌంట్ బేసీ బృందమున ఫ్రెడ్డీ గ్రీన్ అను నతడు 1937 మొదలు 1987లో మరణించువఱకు విద్యుత్తు అంటని బోలు గిటారుతోనే తాళము నడపెను. ఏబదియేండ్లపాటు ఒక్క బృందములో, దాదాపు ఏకాంతవాదనమే లేకుండ, కేవలము లయను నిలుపుచు గడపిన ఆ విద్వాంసుని మన మార్దంగికులు మెచ్చుకొనక మానరు.

1936లో గిబ్సన్ కంపెనీ ఇ.ఎస్. 150 అను విద్యుద్గిటారును తెచ్చెను. చార్లీ క్రిస్టియన్ అను నీగ్రో యువకుడు 1939లో బెన్నీ గుడ్మన్ బృందమున చేరి, అంతవఱకు వెనుకకూర్చున్న గిటారును బాకాలతో సమానముగ ముందునకు తెచ్చెను. 1942 మార్చిలో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, క్షయవ్యాధివలన ఆతడు మరణించెను. గిటారుపై జాజ్ వాయించు ప్రతివాడును ఇప్పటికిని ఆతని ఋణము తీర్చుచునే యున్నాడు.

విద్యుత్తుతో వచ్చిన చిక్కేమన, బోలు పొట్ట చెవివంటిది. లౌడుస్పీకరు నుండి వచ్చు ధ్వనిని ఆ పొట్ట మఱల గ్రహించి కంపించును; ఆ కంపనము పికప్ ద్వారా మఱల స్పీకరునకు పోవును. ఇట్లు తిరిగి తిరిగి తుదకు వాద్యము ఊళపెట్టును. సభలలో మైకు ముందు నిలిచిన వక్తలకు ఈ బాధ తెలియనిది కాదు. చేతితో చెక్కిన పలుచని మూత గల గిటారు మంచి నాదమిచ్చును, త్వరగ ఊళపెట్టును. 1949లో వచ్చిన ఇ.ఎస్. 175 అను గిటారు ఈ సమస్యకు మధ్యేమార్గము. దాని మూత చెక్కినది కాదు. పొరలుగ అతికిన పలకను అచ్చున వంచినది. వెడల్పు పదునాఱుంబావు అంగుళములు. వెల 175 డాలర్లు. పేరు కథ మఱల అదియే. ఖరీదైన కఱ్ఱ లేకపోవుటచే నాదము కొంత మందమయ్యెనుగాని, ఆ మందత్వమే జాజ్‌నకు కలిసివచ్చెను. హెర్బ్ ఎలిస్, జిమ్ హాల్, జో పాస్ దానిని ప్రసిద్ధికి తెచ్చిరి. 1958లో ఇ.ఎస్. 335 వచ్చెను. దాని పొట్టనడుమ గట్టి దుంగ నిలిపి ఊళను అణచిరి. అది సగము బోలు. వెస్ మాంట్‌గమరీ మాత్రము ఎల్-5నే పట్టి, మీటునది విడిచి బొటనవ్రేలితో వాయించుచు అందఱిని మించెను. ఆయన 1968లో నలుబదియైదవ యేట మరణించెను.

కావున జాజ్‌నకు తగిన బోలు గిటారేది యను ప్రశ్నకు అమెరికాలోనే ఒక్క జవాబు లేకుండెను. అమెరికా విద్వాంసుడు దుకాణమునకు పోయి నాలుగింటిని మీటిచూచి ఒకటి యెన్నుకొనగలడు. కలకత్తా విద్వాంసునకు ఆ భాగ్య మెక్కడిది? ఆతడు గిటారును ఎన్నుకొనుటకు ముందు ఓడ ఆతని నెన్నుకొనవలెను.

కలకత్తాకు జాజ్ వచ్చినది హోటళ్ల ద్వారమున. టెడ్డీ వెదర్‌ఫర్డ్ అను అమెరికను నీగ్రో పియానో విద్వాంసుడు షాంఘై, బొంబాయిల మీదుగ కలకత్తా చేరి, రెండవ ప్రపంచయుద్ధ కాలమున చౌరంఘీలోని గ్రాండ్ హోటలులో బృందము నడపెను. అదే తరుణమున తూర్పునుండి ఇంకొక పాయ వచ్చి కలిసెను. 1942 ఆరంభమున జపానువారు బర్మాలో ప్రవేశించుటతో రంగూను ఖాళీయయ్యెను. ఆ ప్రవాహమున వేలకొలది తెలుగు కూలీలు, రేవు పనివారు, చిన్న వర్తకులు అరకాను కొండలదారిని, మణిపురము దారిని నడచి వచ్చిరి. దారిలో పడిపోయినవారి లెక్క నేటికిని తేలలేదు. ఆంధ్రదేశపు తీరగ్రామములలో ఆ నడక కథలు విననివారు అరుదు. ఆ బర్మానుండియే రూబెన్ సాలమన్ అను క్లారినెట్టు వాదకుడును, సెడ్రిక్ వెస్ట్ అను గిటారు వాదకుడును కలకత్తా చేరి, వెదర్‌ఫర్డ్ కాలపు బృందములలో కలిసి, గ్రామఫోను రికార్డులు ఇచ్చిరి. డమ్‌డమ్ కర్మాగారమున అచ్చయిన ఆ రికార్డులను సంగ్రాహకులు నేటికిని వెదకుచుందురు. భారతభూమిపై జాజ్ గిటారు మ్రోతకు మిగిలియున్న తొలి సాక్ష్యములలో అవి యొకటి. కూలీయు, కళాకారుడును ఒకే తరుమునకు తలయొగ్గి వచ్చినను, ఒకరి కథ రికార్డుకెక్కెను. రెండవవాని కథ ఇంటివారి నోటనే నిలిచెను.

యుద్ధము ఖిదిర్‌పూరును విడువలేదు. 1942 ఏప్రిలు 6న విశాఖపట్టణముపై బాంబులు పడిన సంగతి మనవారెఱుగుదురు. 1943 డిసెంబరు 5న పట్టపగలు జపాను విమానములు ఖిదిర్‌పూరు డాకులపై బాంబులు వేసెను. రేవు కూలీలు పెక్కుమంది చనిపోయిరి. అది వంగదేశపు కఱవు సంవత్సరము. పల్లెలనుండి నగరమునకు నడచివచ్చినవారు చౌరంఘీ కాలిబాటలపై ప్రాణములు విడుచుచుండగ, లోపల హోటళ్లలో నాట్యసంగీతము ఆగలేదు. ఈ రెంటిని ఒకే వాక్యమున వ్రాయుట ఎంత కటువుగ నున్నను, చరిత్రలో అవి ఒకే వీథిలో జరిగినవి.

జార్జిరాజు డాకులో ఓడలు దింపుటకు అమెరికా పటాలములు వచ్చెను. వానిలో నీగ్రో సైనికులు పెక్కుమంది యుండిరి. జాజ్‌ను కన్న జాతివారే వారు. కాని తమ సైన్యములోనే వారికి వేఱు శిబిరములు, వేఱు విశ్రాంతిగృహములు. సైనికుల వినోదమునకై అమెరికా ప్రభుత్వము 1943 మొదలు 1949 వఱకు వి-డిస్కులను ప్రత్యేకపు రికార్డులను పంచిపెట్టెను. సైనికుల వాద్యములు, రికార్డులు చేతులు మాఱుట యుద్ధపు రేవులలో సహజము. వెదర్‌ఫర్డ్ 1945 ఏప్రిలులో కలరాచేత కలకత్తాలోనే మరణించెను.

ఇచ్చట ఒక ఉపకథ. జాజ్ గిటారు స్థిరపడకముందే కలకత్తా మనసు దోచినది హవాయి గిటారు. తొడపై అడ్డముగ నుంచికొని, ఉక్కుకడ్డీని తీగలపై జార్చుచు వాయింతురు. ఈ పద్ధతిని 1880 ప్రాంతములలో హవాయి ద్వీపమున జోసెఫ్ కెకుకు కనిపెట్టెనని ఎక్కువమంది మతము. హిందూదేశమున పుట్టి ఓడలో హొనొలూలూ చేరిన గేబ్రియేల్ డేవియన్ అను యువకుడు అంతకుముందే అట్లు వాయించెనని ఇంకొక కథ కలదు. కఱ్ఱకొయ్యతో జార్చి వాయించు గోటువాద్యము, గాజుగుండుతో వాయించు విచిత్రవీణ తెలిసిన మనకు ఆ కథ నమ్మదగినదిగనే తోచును. నమ్మదగినదంతయు నిజము కానక్కఱలేదు. ఏమైనను, 1940 తరువాత టావు మో కుటుంబమువారు కలకత్తాలో నిలిచి హవాయి సంగీతమును ప్రచారము చేసిరి. గార్నీ నిస్ అను స్థానికుడు అలోహా బాయ్స్ అను బృందమును నడపెను. వంగీయులు ఆ వాద్యమును రవీంద్రగీతములకు, సినిమా పాటలకు వాడి తమ ఇంటిదిగ చేసికొనిరి. కవి నజ్రులు కుమారుడు కాజీ అనిరుద్ధ, బటుక్ నంది, సునీల్ గంగూలీ వాయించిన రికార్డులు వంగదేశమున ఇంటింట మ్రోగెను. తొడపై గిటారు కలకత్తా గృహస్థులది. రొమ్మున ఆనించు బోలు గిటారు రాత్రి హోటళ్లది. ఈ రెంటి నడుమ చాలకాలము రాకపోకలు లేకుండెను.

స్వాతంత్ర్యానంతరము పార్కువీథి వెలిగెను. 1956లో మొకాంబో, 1959లో క్రొత్త యజమానుల చేతిక్రింద ట్రింకాస్, ఇంకను బ్లూఫాక్స్, మూలారూజ్ అను భోజనశాలలు బృందములను పోషించెను. పామ్ క్రేన్ గాత్రము, బ్రాజ్ గొన్సాల్వెజ్ సాక్సఫోను, డార్జిలింగు నుండి వచ్చిన లూయిజ్ బ్యాంక్స్ పియానో ఆ యుగపు గుర్తులు. ఆంగ్లో-ఇండియనులు, గోవావారు, నేపాళీలు, యూదులు కలిసి వాయించిన ఆ వేదికలు నిజముగ అఖిలభారతీయములు. 1958లో డేవ్ బ్రూబెక్ వచ్చిపోయి, కలకత్తా పేరున ఒక రచనయే చేసెను. 1963లో డ్యూక్ ఎలింగ్టన్ బృందము దేశమున పర్యటించెను. 1955 మొదలు విలిస్ కానొవర్ అమెరికా ఆకాశవాణినుండి ప్రతిరాత్రి వినిపించిన జాజ్ కార్యక్రమము, పాఠశాల లేని విద్యార్థులకు పాఠశాల. షార్టువేవులో తేలుచు, మునుగుచు వచ్చు ఆ ధ్వనిని వినియే స్వరములను పట్టుకొన్నవారు కలరు.

పాట రేడియోలో వచ్చును, గిటారు రాదు. ఇది సచివాలయములకు సంబంధించిన భాగము. 1947 నాటి దిగుమతి ఎగుమతుల నియంత్రణ శాసనము క్రింద ప్రతి పరాయి వస్తువునకును అనుమతిపత్రము కావలెను. 1957లో విదేశద్రవ్యపు కొఱత తీవ్రమై కట్టుబాట్లు బిగిసెను. దిగుమతి విధానపు ఎఱ్ఱపుస్తకమును చదివిన యధికారులకు తెలియును: ఉక్కు కర్మాగారపు యంత్రమునకు, ఎరువునకు, ఆహారధాన్యమునకు చోటు చూపవలసిన పట్టికలో జాజ్ గిటారునకు స్థానమెక్కడ? విధానమును నిందించుట సులభము. రాగిసంకటికే విదేశద్రవ్యము చాలని దినములలో ఆ కట్టుబాటు అకారణమైనది కాదు. కాని దాని భారము కొందఱిపైననే పడెను. ఒక వాద్యకారుని కుడిచేతిని కూడ ఎఱ్ఱపుస్తకము పట్టుకొనునని ఆ పట్టిక వ్రాసినవారు తలచియుండరు.

అప్పుడు దారులు మూడే. వలసపోవు కుటుంబములు వదలిపెట్టిన వాద్యమును కొనుట మొదటిది. 1947 తరువాత ఆంగ్లో-ఇండియను కుటుంబములు వేలకొలది ఇంగ్లండునకు, ఆస్ట్రేలియాకు, కెనడాకు పోయెను. ప్రయాణపు ఖర్చులకై కొందఱు వాద్యము లమ్ముకొనిరి. వాయించువారు మాత్రము గిటారును వెంటనే తీసికొనిపోయిరి. ఆ విధమున నగరమునకు వాద్యములతోబాటు వాద్యకారులును తఱిగిరి. సెడ్రిక్ వెస్ట్ సయితము బ్రిటను చేరి అచ్చటనే స్థిరపడెను. రెండవది రేవు. నావికులు తెచ్చు సరకులకు ఖిదిర్‌పూరు పేరుపడినది. అచ్చటి ఫ్యాన్సీ మార్కెట్టు విదేశవస్తువులకు కలకత్తా యంతట ప్రసిద్ధము. గడియారము, రేడియో, సెంటు బుడ్డి దొరకు చోట అప్పుడప్పుడు గిటారు తీగలు దొరకుట వింత కాదు. పూర్తి గిటారు పెట్టెను కోటు చేతిలో దాచి సుంకపు ద్వారము దాటుట మాత్రము ఎంతటి నావికునకును సాధ్యము కాదు. మూడవది స్వదేశ శిల్పము. లాల్‌బజారు, చిత్పూరు వీథులలో హార్మోనియములు, సితారులు చేయు దుకాణములు గిటారును కూడ చేపట్టెను. కలకత్తాలో తయారగు గివ్‌సన్ గిటారు దేశమంతట విద్యార్థుల తొలి గిటారైనది. ఆ పేరు ఉచ్చరించునప్పుడు నాలుక ఏ కంపెనీ వైపునకు జాఱునో వేఱుగ చెప్పనక్కఱలేదు!

దిగుమతి వాద్యము చేత చిక్కినను కష్టము తీరదు. ఉబ్బెత్తు మూత గిటారునకు గాలిలో తేమ నూటికి 45 మొదలు 55 వఱకు ఉండుట మేలు. ఆషాఢ శ్రావణములలో కలకత్తా గాలిలో తేమ ఎనుబది దాటును. చెక్కిన స్ప్రూసు మూత ఆ తేమను త్రాగి ఉబ్బును. తీగలు మెట్లపై ఎత్తుగ లేచి వ్రేళ్లకు లొంగవు. శరదృతువున అది ఎండి ముడుచుకొనును. సందులలో జిగురు వీడును. పొరపలకతో చేసిన ఇ.ఎస్. 175 వంటిది ఈ పరీక్షకు ఎక్కువగ తాళును. అమెరికాలో చౌక యని ఎన్నబడిన గుణమే వంగదేశమున శ్రేష్ఠగుణ మయ్యెను. ఇంకొకటి విద్యుత్తు. అమెరికా ఆంప్లిఫయరునకు కావలసినది 110–120 వోల్టులు. ఇచ్చటిది అంతకు రెట్టింపు. నడుమ ట్రాన్సుఫార్మరు లేకున్నచో ఒక్క క్షణమున అంతయు పొగ. కావున తగిన గిటారును వెదకువాడు చూడవలసినవి వేఱుగ నుండెను: దండి వంగినదా, నిటారుగ నున్నదా; మూత లోపలి బద్దలు వదులైనవా; మెట్లు అరగినవా; లోహపు భాగములకు సముద్రపు ఉప్పుగాలి తుప్పు పట్టించినదా. నాదము చివరి ప్రశ్న. వీణ కొనబోయిన తెలుగువాడు మొదట అడుగు ప్రశ్న, కలకత్తా జాజ్ విద్వాంసునకు కడపట అడుగవలసి వచ్చెను.

ఈ కష్టములన్నింటి నడుమ ఒక్క మనుష్యుడు జీవితమంతయు బోలు గిటారునకే అంకితమయ్యెను. కార్ల్‌టన్ కిట్టో 1942లో బెంగుళూరున జన్మించెను. చార్లీ క్రిస్టియన్ మరణించిన సంవత్సరమది. కిట్టో కొంతకాలము చెన్నపట్టణమున వాయించి, 1970 తరువాతి దశకమున కలకత్తా చేరి, లూయిజ్ బ్యాంక్స్ బృందమున వాయించెను. అప్పటికి పార్కువీథి వెలుగు తగ్గుచుండెను. వినోదపు పన్ను, నక్సలైటు కల్లోలము, పరిశ్రమలు నగరము వీడుట, సినిమా సంగీతపు ఆకర్షణ, అన్నియు కలిసి బృందములను చెదరగొట్టెను. బ్యాంక్స్ మొదలగువారు బొంబాయి పోయిరి. అచ్చట సినిమా స్టూడియోలు కూడు పెట్టెను. కిట్టో పోలేదు. బీబాప్ అను క్లిష్టమగు జాజ్ శైలిని, వినువారు పదిమందియైనను, విడువక వాయించెను. 1915లో స్థాపింపబడిన కలకత్తా సంగీత పాఠశాలలో శిష్యులకు బోధించెను. ఇరువదియొకటవ శతాబ్ది రెండవ దశకమున సుశీల్ కురియన్ అను దర్శకుడు భారతదేశపు జాజ్‌పై తీసిన చిత్రమునకు కిట్టో పేరునే శీర్షికగ నుంచెను. 2016 నవంబరులో ఆయన కోల్‌కతాలో మరణించెను. బొంబాయి పోయియుండినచో ఆయన ధనవంతుడై యుండునా యను ప్రశ్న తఱచు వినవచ్చును. ఆయన శిష్యులు మాత్రము ఆ ప్రశ్న వేసినట్లు కనబడదు.

రెండవ ఉదాహరణ మఱింత విచిత్రము. జోధ్‌పూరునకు చెందిన బ్రిజ్‌భూషణ్ కాబ్రా (1937–2018) అలీ అక్బర్ ఖాన్ శిష్యుడు. ఆయన చేపట్టినది గిబ్సన్ సూపర్ 400. జాజ్ బృందములకై పుట్టిన పదునెనిమిది అంగుళముల ఆ మహావాద్యమే. దానిని తొడపై పరుండబెట్టి, తీగలను ఎత్తుచేసి, శ్రుతితీగను చేర్చి, ఉక్కుకడ్డీతో హిందూస్థానీ రాగములు పలికించెను. 1967లో శివకుమార్ శర్మ సంతూరు, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, కాబ్రా గిటారు కలిసి వెలువడిన ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ రికార్డు దేశదేశముల వినబడెను. జాజ్ విద్వాంసుడు వేగమునకై కోరిన ఉబ్బెత్తు మూత, కాబ్రా చేతిలో మీండునకై ఉపయోగపడెను. తొడపై గిటారునకును, రొమ్ముపై గిటారునకును నడుమ లేకున్న రాకపోక ఇట్లు మొదలయ్యెను. కలకత్తావాసి దేబాశీష్ భట్టాచార్య కాబ్రాకడ నేర్చి చతురంగి అను క్రొత్త వాద్యమును రూపొందించెను. జయపురపు విశ్వమోహన్ భట్టు ఉబ్బెత్తు మూత గిటారునకు అనునాదపు తీగలు జోడించి మోహనవీణ యని పేరుపెట్టి, 1994లో గ్రామీ బహుమానము పొందెను. విజయనగరమున ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాశ్చాత్యుల వయొలినును కర్ణాటక గాత్రమునకు సాటిగ నిలిపిన దినములను ఎఱిగిన ఆంధ్రులకు ఈ పరిణామము ఆశ్చర్యకరము కాదు. వయొలినునకు మనదగుటకు నూఱేండ్లు పట్టెను. గిటారునకు ఇంకను తక్కువ పట్టెను.

కఱ్ఱ సంగతి యొకటి చెప్పవలసియున్నది. గిటారు దండిపై మెట్లు నాటు పలకకు సాధారణముగ వాడు కఱ్ఱ రోజువుడ్డు. బ్రెజిలు దేశపు రోజువుడ్డు అరుదైన కొలది ప్రపంచమందలి గిటారు శిల్పులు భారతదేశపు కఱ్ఱవైపు తిరిగిరి. అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1969లోనే అట్లు మాఱెను. మన భాషలో ఇరుగుడు, జిట్రేగి యని పిలువబడు ఆ చెట్టునకు శాస్త్రీయ నామమిచ్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఆయన గోదావరి మండలమున సామర్లకోటలో ఏండ్లకొలది వృక్షములను పరిశీలించి, 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతిగ పోయెను. ఆ తోట ఖిదిర్‌పూరు ప్రాంతమునకు ఎదుటిగట్టున శివపురమున కలదు. దానిని 1787లో స్థాపించినవాడు రాబర్ట్ కిడ్. 2017లో ఆ జాతి కఱ్ఱపై అంతర్జాతీయ నియంత్రణ వచ్చి, గిటారులను దేశాంతరమునకు పంపు వర్తకులు గూడ పత్రములు చూపవలసి వచ్చెను; 2019లో తయారైన వాద్యములకు మినహాయింపు లభించెను. ఈసారి కాగితములకై తిరిగినవారు అన్ని దేశముల వారును.

1947 నాటి శాసనము 1992లో రద్దయి, విదేశవాణిజ్యమునకు క్రొత్త శాసనము వచ్చెను. 2001 ఏప్రిలు 1 నాటికి మిగిలిన దిగుమతి పరిమితులు తొలగెను. కొరియా, చైనాలలో తయారగు బోలు గిటారులు సరసమగు వెలకు కోల్‌కతా దుకాణములలో నిలిచెను. ఇ.ఎస్. 175 మాత్రము సుమారు ఏడు దశాబ్దములు తయారై నిలిచిపోయెను. ఖిదిర్‌పూరు రేవు ఇప్పుడు 2020 నుండి శ్యామాప్రసాద్ ముఖర్జీ పేరిటి ఓడరేవులో భాగము. ఫ్యాన్సీ మార్కెట్టులో బేరములు నేటికిని సాగుచున్నవి. నేటి విద్యార్థి నాలుగు గిటారులను వరుసగ మీటి, చెవికి నచ్చినదానిని ఎన్నుకొనవచ్చును. వానిలో ఒకటి పొరపలకదై యుండును, ఒకటి చెక్కినదై యుండును. చెక్కినది వినుటకు బాగుండును, శ్రావణము వచ్చువఱకు.